చెంప ఎముకతో వినే పాట: ఈతకూ పరుగుకూ ఒకటే సరిపోతుందా?

చెవిలో దూర్చుకోనక్కరలేకుండా, చెంప ఎముకను కంపింపజేసి పాట వినిపించే బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్ల గురించి ఈ మధ్య మా శీర్షికకు వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో ఆరింటిని ఎంచుకొని ఈ సంచికలో జవాబిస్తున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు పొడవుగా ఉంటుంది. మిగిలినవారు అడిగిన సంగతులలో సగం అందులోనే తేలిపోతాయి కనుక, ఓపికగా చదవమని మనవి.

ప్రశ్న: వారంలో మూడు రోజులు ఉదయం బీచ్ రోడ్డు మీద పరుగెత్తుతాను, మరో మూడు రోజులు సాయంత్రం పూల్‌లో ఈత కొడతాను. రెండింటికీ పనికివచ్చే హెడ్‌ఫోన్ ఒకటి కొందామని షాపుకు వెళ్తే, ఐపీ67 అని రాసి ఉన్నది చూపించి ‘ఇది పూర్తి వాటర్‌ప్రూఫ్, నిశ్చింతగా నీళ్ళలో దిగండి’ అన్నారు. నమ్మవచ్చా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ మాట మీద దిగవద్దు. షాపతను అబద్ధం చెప్పాడని నేననడం లేదు; ఆ గుర్తు ఉన్న వస్తువు నీటిని తట్టుకునే మాట నిజమే. కాని పరీక్షలో వాడే నీళ్ళు వేరు, మీరు ఈదే నీళ్ళు వేరు.

ఈ అంకెల అర్థాన్ని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ వారి 60529 అనే ప్రమాణం నిర్ణయిస్తుంది. ఐపీ అన్న అక్షరాల తరువాత వచ్చే మొదటి అంకె దుమ్ముకూ, రెండవది నీటికీ సంబంధించినవి. రెండవ అంకె 5 అయితే గొట్టంతో చిమ్మిన నీటిధారను తట్టుకుంటుందని, 7 అయితే ఒక మీటరు లోతున 30 నిమిషాలు ముంచి ఉంచినా చెడిపోయేంత నీరు లోపలికి చేరదని, 8 అయితే అంతకంటె కఠినమైన మునకను తట్టుకుంటుందని అర్థం. ఈ 8 విషయంలో ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారే ప్రకటించాలి కనుక, ఒక కంపెనీ 8 మరో కంపెనీ 8తో సమానం కానక్కరలేదు. దుమ్ము పరీక్ష ఫలితం చెప్పనప్పుడు ఆ స్థానంలో ఎక్స్ అనే అక్షరం వేస్తారు. ఐపీఎక్స్8 అని కనబడితే కంగారు పడనవసరం లేదు.

ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటి ఉంది. 7 వచ్చిన వస్తువు 5, 6 పరీక్షలలో కూడా నెగ్గినట్టే అని అనుకుంటాము, ఎందుకంటే అంకె పెద్దది. కాని నీటిలో ఊరకే మునిగి ఉండటం ఒక పరీక్ష, వేగంగా వచ్చి తగిలే ధారను ఆపడం మరో పరీక్ష. రెండూ నెగ్గితే రెండు గుర్తులూ వేయాలి. మునక పరీక్ష జరిగేది మామూలు మంచినీటిలో, వస్తువును కదలకుండా ఉంచి. పూల్‌లో మీరు గోడను కాళ్ళతో తన్ని దూసుకుపోతారు, ఫ్లిప్ టర్న్ (గోడ దగ్గర నీటిలో పల్టీ కొట్టి వెనక్కి తిరగడం) కొడతారు, అప్పుడప్పుడు గట్టు మీదినుంచి దూకుతారు కూడా. పైగా ఆ నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఇవేవీ ఐపీ67 అనే గుర్తులో లేవు.

ఇది నాకు పుస్తకం చదివి అబ్బిన జ్ఞానం కాదు. కొన్నేళ్ళ క్రితం సరిగ్గా ఇలాంటి మాటే విని, ఐపీ67 హెడ్‌ఫోన్ ఒకటి తగిలించుకొని పూల్‌లో దిగాను. మూడు వారాలు హాయిగా పాడింది. నాలుగో వారంలో కుడివైపు గొంతు బొంగురుపోయింది, ఆపైన పూర్తిగా మూగబోయింది. సర్వీసు సెంటరుకు తీసుకువెళ్తే లోపల నీరు చేరిందని, వారంటీ వర్తించదని చెప్పి, డబ్బాలో వచ్చిన చిన్న పుస్తకం తెరిచి ‘ఈతకు వాడరాదు’ అన్న వాక్యం మీద వేలు పెట్టి చూపించారు. అంత చిన్న అక్షరాలను చదవడానికి నాకు కళ్ళజోడు మార్చుకోవలసి వచ్చింది. కనుక మీరు డబ్బా మీద అంకె చూసి ఊరుకోకుండా, లోపలి పుస్తకంలో ఈతకు పనికివస్తుందని స్పష్టంగా రాసి ఉందేమో చూడండి.

ఇప్పుడు రెండో సంగతి, నా దృష్టిలో మొదటిదాని కంటె ముఖ్యమైనది. నీరు చొరబడని హెడ్‌ఫోన్ దొరికినంత మాత్రాన నీటిలో పాట వినబడదు. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతపు రేడియో తరంగాలతో పనిచేస్తుంది. మైక్రోవేవ్ అవెన్ దాదాపు ఇవే తరంగాలతో అన్నంలోని నీటిని వేడి చేస్తుందని గుర్తు తెచ్చుకుంటే విషయం అర్థమవుతుంది: నీరు వాటిని మింగేస్తుంది. గట్టు మీద తువ్వాలు కింద పెట్టిన ఫోను నుంచి వచ్చే పాట, మీ తల నీటిలో కొన్ని సెంటీమీటర్లు మునగగానే తెగిపోతుంది. ఫ్రీస్టైల్ ఈదేవారి తల ఎక్కువసేపు నీటిలోనే ఉంటుంది కాబట్టి, వారికి వినబడేది పాట కాదు, పాట ముక్కలు. ఫోను ఖరీదైనదైనా, బ్లూటూత్ సరికొత్తదైనా ఇందులో మార్పు ఉండదు.

అందువల్ల ఈతకు కొనేదానిలో సొంత మెమరీ ఉండి తీరాలి. కంప్యూటరు నుంచి ఎంపీ3 పాటలు అందులోకి ఎక్కించుకొని, ఫోనుతో నిమిత్తం లేకుండా వినాలి. షాక్స్ కంపెనీ (2021 వరకు ఆఫ్టర్‌షాక్స్ అనేవారు) మొదట తెచ్చిన ఓపెన్‌స్విమ్‌లో 4 జీబీ మెమరీ మాత్రమే ఉండేది, బ్లూటూత్ అసలు లేదు. ఈత మాత్రమే కొట్టేవారికి అది చాలు, కాని మీ బీచ్ రోడ్డు పరుగులో ఫోను వస్తే ఎత్తడానికి పనికిరాదు. 2024లో వచ్చిన ఓపెన్‌స్విమ్ ప్రోలో 32 జీబీ మెమరీ, బ్లూటూత్ రెండూ ఉన్నాయి. ఐపీ68, రెండు మీటర్ల లోతున రెండు గంటలు అని ప్రకటించారు. బ్యాటరీ బ్లూటూత్‌తో 9 గంటలు, ఎంపీ3తో 6 గంటలు వస్తుందంటారు. అదే ఏడాది ఫిన్లాండ్‌కు చెందిన సూంటో తెచ్చిన ఆక్వాలోనూ 32 జీబీ మెమరీ, బ్లూటూత్ ఉన్నాయి, లోతు ఐదు మీటర్లు అంటారు. హెచ్‌టూఓ ఆడియో వారి ట్రై అనేదానిలో 8 జీబీ మెమరీతో పాటు, ఫోనులో పాడుతున్న పాటను బ్లూటూత్ ద్వారా తనలోకి రికార్డు చేసుకునే సదుపాయం ఉంది, కాకపోతే గంట పాటలు ఎక్కాలంటే గంటా పడుతుంది.

ఇదే షాక్స్ కంపెనీ పరుగు కోసం చేసే ఓపెన్‌రన్‌కు ఐపీ67, ఓపెన్‌రన్ ప్రోకు ఐపీ55 అని ఉంటాయి. చెమటకూ వానకూ ఇవి బ్రహ్మాండంగా సరిపోతాయి, ఈతకు మాత్రం కావు. ఖరీదు ఎక్కువైన ప్రో రకానికే నీటి అంకె తక్కువగా ఉండటం గమనించండి. డబ్బు ఎక్కువ పెడితే నీటి రక్షణ కూడా ఎక్కువ వస్తుందని అనుకోవడం ఈ వస్తువుల విషయంలో చెల్లదు.

మెమరీ ఉన్నదాన్ని కొన్న తరువాత చాలామంది తెల్లబోయే సందర్భం ఒకటుంది. నెలవారీ చందా కట్టి యాప్‌లో ‘డౌన్‌లోడ్’ చేసుకున్న పాటలు ఆ యాప్‌కు తప్ప వేరేదానికి అర్థం కాని తాళంతో ఉంటాయి. వాటిని హెడ్‌ఫోన్‌లోకి కాపీ చేయడం కుదరదు. మీ దగ్గర సొంతంగా ఎంపీ3 పాటలు ఉండాలి, లేదా పాత సీడీల నుంచి తీసుకోవాలి. 128 కేబీపీఎస్ నాణ్యతలో నాలుగు నిమిషాల పాట సుమారు 4 ఎంబీ తీసుకుంటుంది కాబట్టి 4 జీబీలోనే వెయ్యి పాటల దాకా పడతాయి. ఎన్ని పట్టినా నీటిలో తెర ఉండదు, వెతుక్కోవడం ఉండదు. టోపీ కింద బొత్తాన్ని తడుముకుంటూ ఒక్కొక్క పాటే ముందుకు జరపాలి. అందుకని నేను నలభై పాటలకు మించి ఉంచుకోను. కొన్నింటిలో పాటలు పేర్ల వరుసలో కాకుండా మనం ఎక్కించిన వరుసలో వస్తాయి. ఐదు భాగాల ప్రవచనం ఎక్కిస్తే మూడోది ముందు వినబడటానికి కారణం సాధారణంగా ఇదే. ఒక్కొక్క భాగాన్నీ క్రమంలో విడివిడిగా కాపీ చేస్తే సరిపోతుంది.

ధ్వని నాణ్యత గురించి ఆశలు కొంచెం తగ్గించుకోవడం మంచిది. ఈ పద్ధతిలో మనిషి గొంతు స్పష్టంగా వస్తుంది. వార్తలు, ప్రవచనాలు, హరికథలు, పాత పాటలలోని సాహిత్యం చక్కగా వినబడతాయి. డప్పు దరువు, తబలాలో ఎడమచేతి గుమ్కీ వంటి కింది స్వరాలు మాత్రం నీరసంగా ఉంటాయి. ఆ లోటును పూరించడానికి శబ్దం పెంచితే చెంపల మీది మెత్తలు చక్కిలిగింతలు పెడతాయి. విచిత్రంగా నీటిలో ఈ లోపం తగ్గుతుంది: చెవులలో మైనం లేదా సిలికాన్ బిరడాలు పెట్టుకొని మునిగితే గుమ్కీ కూడా గుండ్రంగా వినిపిస్తుంది. బిరడాలు లేకపోతే తల పైకెత్తినప్పుడు పాట పలుచబడి, మునిగినప్పుడు చిక్కబడి, శ్వాస శ్వాసకూ మారుతూ చికాకు పెడుతుంది. అయితే బిరడాలు పెట్టుకుంటే లైఫ్‌గార్డు ఈల సరిగా వినబడదు. మీ పూల్‌లో ఒకే లేన్‌లో నలుగురైదుగురు ఈదుతూ ఉంటే, ముందుగా అక్కడి కోచ్‌తో ఒక మాట అనుకోవడం మర్యాద, క్షేమం కూడా.

తొడుక్కోవడంలో కూడా ఒక పద్ధతి ఉంది. ముందు గాగుల్స్ పెట్టుకొని, వాటి పట్టీ హెడ్‌ఫోన్ కొక్కేన్ని తొక్కకుండా సర్దుకొని, తరువాత హెడ్‌ఫోన్ మెత్తలను చెవికి సరిగ్గా ముందున్న ఎముక మీద ఆనించి, చివరగా టోపీ అంచును వాటి మీదికి లాగితే గోడను తన్నినప్పుడు ఊడిపోదు. జుట్టు ముడి మెడ దగ్గరకు దిగితే వెనుక పట్టీ దాని మీద ఎక్కి మెత్తలు చెంప నుంచి లేచిపోతాయి. అందువల్ల పొడవు జుట్టు ఉన్నవారు ముడిని నడినెత్తికి కట్టుకోవడం మంచిది. కణతలకు కొబ్బరినూనె కారిన రోజున ఏ కంపెనీదైనా జారుతుంది.

ఇక శుభ్రత. ఈత అయ్యాక కుళాయి కింద సన్నటి ధారతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, బాగా ఆరిన తరువాతే చార్జింగు పెట్టండి. వీటిలో చాలావాటికి మామూలు కేబుల్ గుచ్చే రంధ్రం ఉండదు, అయస్కాంతంతో అతుక్కునే పిన్నులుంటాయి. వాటి మధ్య ఉప్పునీటి చుక్క ఒకటి మిగిలి ఉండగా కరెంటు ప్రవహిస్తే లోహం తినబడిపోయి, పిన్నుల మీద పచ్చటి తుప్పు కడుతుంది. కొన్ని మోడళ్ళు తడిని పసిగట్టి హెచ్చరిస్తాయి, అన్నీ కాదు. సముద్రంలో కూడా వాడాలనుకుంటే ఉప్పునీటికి తగినదని కంపెనీ చెప్పిందో లేదో విడిగా చూసుకోండి, ఎందుకంటే ఐపీ అంకెకు ఉప్పుతో సంబంధం లేదు. (మీ ఊరి తీరంలో అలల లాగుడు మీకు నాకంటే బాగా తెలుసు. అక్కడ చెవులలో బిరడాలతో, పాటలో మునిగి ఈదమని మాత్రం నేను చెప్పలేను.)

మొత్తం మీద మీకు ఒకటే కావాలంటే మెమరీ, బ్లూటూత్ రెండూ ఉండి, ఈతకు తగినదని పుస్తకంలో రాసి ఉన్న ఐపీ68 రకమే కొనండి. రెండు వేలకో మూడు వేలకో ఈ మూడూ ఇస్తామనేవారిని నేను అనుమానిస్తాను. అంత పెట్టుబడి ఇప్పుడు వద్దనుకుంటే పరుగు కోసం తక్కువ ధరది ఒకటి కొనుక్కొని, పూల్‌లో పాట లేకుండానే ఈదవచ్చు. అలా ఈదినప్పుడు ల్యాప్‌లు లెక్క తప్పవని నా సొంత అనుభవం.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ‘బోన్ కండక్షన్’ అని రాసి వెయ్యి రూపాయలకే అమ్ముతున్నారు. ఒకటి తెప్పించాను. పాట బాగానే వినబడుతోంది, కాని అది నిజంగా ఎముక ద్వారా వస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వేళ్ళతో చెవులు మూసుకోండి, తెలిసిపోతుంది. మెత్తలు చెంప ఎముక మీద ఆని ఉండగా, పాట నడుస్తుండగా, రెండు చూపుడువేళ్ళతో చెవి రంధ్రాలను పూర్తిగా మూయండి. నిజమైన బోన్ కండక్షన్ అయితే పాట తగ్గకపోగా, ముఖ్యంగా కింది స్వరాలు ఇంకా బలంగా వినిపిస్తాయి. పాట సన్నగిల్లి దూరంగా పోయినట్టు అనిపిస్తే, మీ చేతిలో ఉన్నది చెవి ముందు వేలాడే చిన్న స్పీకరు మాత్రమే. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ పేరు మీద ఆ సరుకు చాలా చెలామణీ అవుతోంది.

ఈ పరీక్ష ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఒక జంతిక కొరికి చూడండి. పక్కన కూర్చున్నవారికి చిన్న శబ్దమే, మీకు మాత్రం తల అంతా కరకరలాడుతుంది. పుర్రె ఎముకల కంపనం నేరుగా లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాను చేరడమే దీనికి కారణం. రికార్డు చేసిన మన గొంతు మనకే పరాయిగా తోచడం కూడా ఇందువల్లే: మాట్లాడేటప్పుడు ఎముక ద్వారా వినే బరువు ఆ రికార్డులో ఉండదు. చెవి మూసినప్పుడు ఎముక నుంచి చెవి గొట్టంలోకి చేరిన కంపనం బయటికి పోయే దారి లేక కర్ణభేరి వైపే మళ్ళుతుంది కనుక కింది స్వరాలు పెరుగుతాయి. మొదటి జవాబులో బిరడాల గురించి చెప్పిన రహస్యమూ ఇదే.

చెవి ముందు వేలాడే స్పీకరు రకం చెడ్డదని నా ఉద్దేశం కాదు. పరుగుకు అది కూడా పనికివస్తుంది, సంగీతం కొంచెం మెరుగ్గానే ఉంటుంది. ఈతకు మాత్రం వద్దు. నీరు నిండగానే ఆ చిన్న స్పీకరు గాలి పీల్చలేని మనిషిలా అయిపోతుంది. మీరు తెప్పించినది ఆ రకమని తేలితే, తిప్పి పంపడానికి ఇచ్చిన గడువు దాటకముందే పంపించేయండి.

ప్రశ్న: హైదరాబాదులో కేబీఆర్ పార్కు బయటి దారిలో పరుగెత్తుతాను. బస్సు పక్కనుంచి పోతే పాట అసలు వినబడదు, శబ్దం పెంచవలసి వస్తోంది. చెవికి తగలదు కనుక ఎంత పెంచినా వినికిడికి ప్రమాదం లేదని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, బంజారాహిల్స్

జవాబు: మీ మిత్రుల మాటలో సగమే నిజం. కర్ణభేరిని దాటి వెళ్తున్నది నిజమే, కాని పెద్ద శబ్దం వల్ల దెబ్బతినేది సాధారణంగా కర్ణభేరి కాదు, కాక్లియాలోని సన్నని రోమకణాలు. శబ్దం ముందు గుమ్మం నుంచి వచ్చినా పెరటి గుమ్మం నుంచి వచ్చినా చేరేది అక్కడికే. ఆ కణాలు ఒకసారి పోతే మళ్ళీ మొలవవు. పెద్దవారికి వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ వరకు క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. శబ్దం పెరిగే కొద్దీ ఆ సమయం వేగంగా కుదించుకుపోతుంది.

చెవులు తెరిచి ఉండటం వల్ల హారను, సైకిలు గంట, వెనుక నుంచి వచ్చే ఆటో చప్పుడు వినబడతాయి. రోడ్డు మీద పరుగెత్తేవారికి ఈ హెడ్‌ఫోన్‌తో వచ్చే అసలు లాభం అదే, నిజానికి దీన్ని కొనడానికి సరైన కారణం కూడా అదొక్కటే. బస్సు వెళ్ళినప్పుడు పాట వినబడకపోవడం ఆ లాభానికి మనం చెల్లించే ధర. శబ్దాన్ని పెంచి బస్సును ఓడించాలని చూస్తే పాటలో మునిగి హారను మరిచిపోతారు, అప్పుడు తెరిచి ఉన్న చెవి మూసిన చెవితో సమానం. పార్కులో చెట్ల కింద నిశ్శబ్దంగా ఉన్నచోట ఒకసారి హాయిగా వినబడే స్థాయికి పెట్టి, ఇక బొత్తాన్ని ముట్టుకోకండి. బస్సు పోయేదాకా ఒక చరణం పోతే పోనివ్వండి. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు చెవులలో బిరడాలు పెట్టుకొని ‘బేస్ బాగా వస్తోంది’ అని మురిసిపోయేవారిని కూడా చూశాను. ఆ పని దయచేసి చేయవద్దు.

లిఫ్టులోనో మెట్రోలోనో మీ పక్కన ఉన్నవారికి మీ పాట సన్నగా వినబడే అవకాశం ఉందని కూడా తెలుసుకోండి. కంపించే మెత్త చుట్టూ ఉన్న గాలిని కూడా కదిలిస్తుంది కదా.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్ళు. చిన్నప్పుడు చెవిలో చీము కారి కర్ణభేరికి రంధ్రం పడింది. ఈత నేర్చుకుంటానంటోంది. ఈ హెడ్‌ఫోన్ చెవిని ముట్టుకోదు కనుక పెట్టుకొని ఈత కొట్టవచ్చునా?
— ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: అమ్మా, ఇక్కడ చూడవలసింది హెడ్‌ఫోన్‌ను కాదు, నీటిని. ఈ హెడ్‌ఫోన్ చెవిని మూయదు, అంటే నీటిని ఆపదు. రంధ్రం ఇంకా ఉంటే పూల్ నీరు దాని గుండా మధ్య చెవిలోకి పోయి మళ్ళీ చీము పట్టించవచ్చు. ముందుగా ఈఎన్‌టీ వైద్యునికి చూపించి, రంధ్రం మూసుకుపోయిందో లేదో తెలుసుకోండి. ఈతకు అనుమతిస్తారా, అనుమతిస్తే చెవికి ఏ రక్షణ కావాలి అన్నది ఆయననే అడగండి. వైద్యులు సరేనన్నా, ఈత నేర్చుకునే దశలో ఉన్న పిల్లలకు కోచ్ మాట వినడం ముఖ్యం. పాటల సంగతి తరువాత చూసుకోవచ్చు.

ప్రశ్న: నాకు 64 ఏళ్ళు. రోజూ నడక, వారాంతంలో ఈత. వినికిడి కొంత తగ్గింది. బోన్ కండక్షన్ అయితే బాగా వినబడుతుందని చెప్పి, డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి వచ్చేటప్పుడు ఒకటి తెస్తానంటున్నాడు. తెప్పించుకోనా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయులు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, మీకు తగ్గిన వినికిడి ఏ రకమో తెలిస్తేనే దీనికి జవాబు చెప్పగలం. శబ్దం లోపలికి చేరే దారిలో అంటే చెవి గొట్టం, కర్ణభేరి, మధ్య చెవిలోని చిన్న ఎముకలలో లోపం ఉంటే, ఎముక ద్వారా వచ్చే శబ్దం ఆ దారిని తప్పించుకుపోతుంది కాబట్టి మీకు నిజంగానే మేలు కనబడుతుంది. వయసుతో వచ్చే తగ్గుదల మాత్రం చాలామందిలో కాక్లియాకో నాడికో సంబంధించినది. అక్కడ లోపం ఉన్నప్పుడు శబ్దం ఏ దారిన వచ్చినా వినే చోటే బలహీనంగా ఉంటుంది. ఈ రెండింటినీ వేరుచేయడానికి వైద్యులు ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి, ఒకసారి చెవి వెనుక ఎముక మీద ఆనించి, మరోసారి చెవి ముందు గాలిలో ఉంచి, ఏది ఎక్కువగా వినబడిందని అడుగుతారు. 1855లో జర్మన్ వైద్యుడు రిన్నె వివరించిన పరీక్ష ఇది, నేటికీ ఆయన పేరుతోనే వాడుకలో ఉంది. ఆడియోగ్రామ్ (వినికిడిని కొలిచి గీసే పటం) కూడా తీయించుకుంటే పూర్తిగా తేలుతుంది. ఈ హెడ్‌ఫోన్ పాటలు వినడానికి చేసిన వస్తువు, వినికిడి యంత్రానికి బదులు కాదు. మనుమడి మాట వినడంలో ఇబ్బంది ఉంటే దాని వైద్యం దానికి చేయించుకోవాలి.

ఇక అమెరికా నుంచి తెప్పించుకునే విషయం. ధరలో తేడా కనబడవచ్చు, కాని చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. పూల్‌లో వాడే వస్తువుకు మొదటి ఏడాదిలోనే సర్వీసు అవసరం పడే అవకాశం ఎక్కువ. అప్పుడు దాన్ని తిరిగి డల్లాస్ పంపడం కన్నా కొత్తది కొనడమే సులువుగా తోస్తుంది. తెప్పించుకునేటట్టయితే అబ్బాయిగారిని రెండు పనులు చేయమనండి: వారంటీ మన దేశంలో చెల్లుతుందేమో కంపెనీకి రాసి కనుక్కోవడం, వచ్చేముందే మీకు నచ్చిన పాటలు అందులోకి ఎక్కించి తేవడం. చాలావాటిని కంప్యూటరుకు తగిలిస్తేనే పాటలు ఎక్కుతాయి, మీ ఇంట్లో కంప్యూటరు లేకపోతే రెండో పని చాలా ముఖ్యం. తలకు పట్టీ వదులవుతుందేమో కూడా అడగమనండి. ఓపెన్‌రన్ వంటి పరుగు రకాలలో చిన్న తలలకు మినీ అనే సైజు ఉంది, ఈత రకాలలో సాధారణంగా ఒకే సైజు వస్తుంది.

ప్రశ్న: గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 అనే ట్రయథ్లాన్ (ఈత, సైకిలు, పరుగు వరుసగా ఉండే) పోటీకి సిద్ధమవుతున్నాను. సాధనలో పాటలు అలవాటైపోయాయి. పోటీలో ఈ హెడ్‌ఫోన్ పెట్టుకోనిస్తారా, చెవులు తెరిచే ఉంటాయి కదా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పెట్టుకోనివ్వరు. ట్రయథ్లాన్ నిబంధనలు హెడ్‌ఫోన్లను నిషేధించాయి, చెవి తెరిచి ఉందా మూసి ఉందా అన్న తేడా వాటికి లేదు. ఈత, సైకిలు, పరుగు మూడింటికీ ఈ నిషేధం వర్తిస్తుంది. సాధనలోనూ సైకిలు మీద ఉన్నప్పుడు తీసి జేబులో వేసుకోండి. పోటీకి చివరి ఆరు వారాలలో వారానికి ఒక పొడవు ఈత, ఒక పొడవు పరుగు పాట లేకుండా చేయండి. పాట తాళానికి అలవాటుపడిన కాళ్ళు అది లేనప్పుడు మొదట తడబడతాయి, మూడు నాలుగు సార్లకు సర్దుకుంటాయి. ఆ రోజు ఉదయం బీచ్‌లో బట్టలు మార్చుకునే చోట హెడ్‌ఫోన్‌ను సంచిలోనే వదిలేసి వెళ్ళండి, మెడలో కూడా ఉంచుకోవద్దు.